మంద్రమునకు వెల యెంత?

గత వేసవిలో నొక సాయంకాలము మా యింటి అరుగుమీద కూర్చుండి పత్రిక చదువుకొనుచుండగా, రెండేండ్ల క్రిందట నాయొద్ద పదవ తరగతి చదివి పోయిన శిష్యుడొకడు వచ్చి నమస్కరించి నిలుచుండెను. వాని చేతిలో ఫోను. ఆ ఫోనులో నొక నల్లని హెడ్‌ఫోను బొమ్మ. బొమ్మక్రింద కొట్టివేసిన వెల యొకటి, కొట్టివేయని వెల మరియొకటి. కొట్టివేయని వెల 14,000 రూపాయలు. "సార్, గిది కొనమంటరా, వద్దంటరా?" అని యడిగెను.

చదువరులు నా యిరుకాటమును గ్రహింపవలెను. వీడు పదవ తరగతిలో నుండగా వీని చెవినుండి ఇటువంటి తీగనే నేను ఊడలాగితిని. లాగి యూరకుండక నలువదిమంది పిల్లల యెదుట అరగంటసేపు ఉపన్యసించితిని. సంగీతమనగా నేమి, నాదమనగా నేమి, దుముదుమ యను మ్రోతను చెవిలో నింపుకొనువాని బుద్ధి యెట్లు మొద్దువారును అను విషయములను నేను నేర్చిన రెండు భాషల పాండిత్యమును వెచ్చించి వివరించితిని. నాటి మాటలలో ననేకములు మరచితిని. ఒక్కటి మాత్రము మరపునకు రాదు. "ఈ డబడబ వినుడానికి ఇన్ని పైసలెందుకురా? ఊరవతలికి పోతె ఉత్తగనే వినస్తది" అంటిని. తరగతి యంతయు నవ్వెను. వాడు నవ్వలేదు. వాని తండ్రి డప్పు వాయించువాడని నాకప్పుడు తెలియదు. తెలియదనుట పూర్తిగ సత్యము కాదు, తెలిసికొనవలెనని తోచలేదు.

అట్టివాడు మరల నాయొద్దకే సలహాకు వచ్చినాడు. వాని ఔదార్యమో, మా ఊరిలో నింగ్లీషు ప్రకటనలను చదివి చెప్పువారు నాకంటె చేరువలో లేకపోవుటయో నేను నిర్ణయింపలేను. కూర్చుండుమంటిని. కథ చెప్పెను.

వాని తండ్రి ఆరేండ్లుగా దుబాయిలో కట్టడపు పనిలో నున్నాడు. నిర్మలు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల వారికి దీనిని వివరింప నక్కరలేదు. గల్ఫునకు పోయిన మనిషి లేని వీథి మా దిక్కున అరుదు. ఒక గదిలో ఎనిమిదిమంది, మంచముమీద మంచము. ప్రతి సంవత్సరము బతుకమ్మ పండుగనాడు కుమారుడు ఊరి డప్పుల మేళమును ఫోనులో పట్టి తండ్రికి పంపుచున్నాడు. తండ్రి దానిని తన ఫోనులో విని, "సిర్ర దెబ్బ ఇనస్తలేదు బిడ్డా, రేకు డబ్బ గొట్టినట్టున్నది" అని యన్నాడట. ఊరివాడొకడు నెలదినములలో దుబాయి పోవుచున్నాడు. వానిచేత హెడ్‌ఫోను పంపవలెనని వీని సంకల్పము. ప్రకటనలో బేసు గొప్పదని యున్నది. అందుచేత నిదే కొనవలెనని నిశ్చయించుకొన్నాడు. నిశ్చయము తనది, ధనము తల్లిది.

తల్లి బీడీలు చుట్టును. దినమునకు వేయి బీడీలు చుట్టుట నిండు పని; తునికాకు తడుపుట, కత్తిరించుట, పొగాకు నింపుట, దారము కట్టుట మొదలగునవి అన్నియు చేరి ప్రాతఃకాలమునుండి దీపములవేళ వరకు పట్టును. వేయి బీడీలకు ఆమె చేతికి వచ్చునది 300 రూపాయలకు లోపే. పని నెలలో సగము దినములే దొరకుననెను. నేను పత్రిక అంచున లెక్క కట్టితిని. 14,000 రూపాయలనగా నలువదియారు దినముల పనికి మించినది, అనగా మూడు నెలల సంపాదన. ఆమె చీటీ పాడుకొని తెచ్చిన సొమ్ములో నుండి ఇచ్చుటకు ఒప్పుకొన్నది.

"వారము దినములు ఆగు, నేను చెప్పెద" నంటిని. వాడు పోయిన పిమ్మట నాకు తోచినదేమనగా, హెడ్‌ఫోనులను నిందించుటకు నాకు రెండేండ్ల క్రిందట అరగంట చాలినది గాని, వానిలో నొకదానిని కొనుమనుటకో మానుమనుటకో కావలసిన జ్ఞానము నావద్ద వీసమైనను లేదు.

మా పాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పు మిత్రుని ఆశ్రయించితిని. ఆయన చెప్పినదియు, నేను చదివినదియు కలిపి వ్రాయుచున్నాను. మనుష్యుని చెవి సామాన్యముగా సెకండునకు 20 మొదలు 20,000 వరకు కల కంపనములను వినగలదు. వీనిలో 250కి దిగువనున్న వానిని స్థూలముగా బేసు అందురు. మన శాస్త్రమున మంద్రమనుట కిది సరిగా పర్యాయము కాకున్నను దగ్గరి చుట్టము. చెవికి ఈ క్రింది స్వరములయెడ కొంత చులకనభావము కలదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపిరి. ధ్వని మెల్లగా నున్నప్పుడు నడిమి స్వరములు చక్కగా వినబడును. క్రింది స్వరములు అంతే స్పష్టముగా వినబడవలె నన్న వానికి మిక్కిలి యెక్కువ బలము కావలెను. కనుక మెల్లగా వినువాడు మంద్రమును కొంత హెచ్చించుకొనుట విలాసము కాదు, చెవికున్న లోటును పూరించుటయే. ఇది నా ఉపన్యాసమునకు మొదటి దెబ్బ.

అయితే హెచ్చించుటకును మితమున్నది. బలమైన మంద్రధ్వని తనపైనున్న స్వరములను కప్పివేయును. పైస్వరము క్రింది స్వరమును అంతగా కప్పజాలదు. అందుచేతనే హద్దుమీరిన బేసులో పాటగాని అక్షరములు వరదలో వరికంకులవలె మునిగిపోవును. వినువాడు అక్షరము కొరకు ధ్వనిని పెంచును. పెంచినకొలది వరదయు పెరుగును. బస్సులో పిల్లలు చేయుచున్నది ఇదియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్లుల లోపల వినవచ్చును; పిల్లలకు 75. ఏ ప్రకటనలోను ఈ రెండంకెలు పెద్ద అక్షరములతో నాకు కనబడలేదు.

నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించిన సంగతి మరియొకటి. లౌడ్‌స్పీకరు గదినిండ గాలిని కదలింపవలెను. మంద్రమునకు ఇంకను హెచ్చు గాలిని కదలింపవలెను. కావున దానికి వెడల్పైన పొర, పెద్ద పెట్టె, పెద్ద ధనము కావలెను. పెండ్లి ఊరేగింపులలో బండిమీద బీరువాలవంటి పెట్టెలు పేర్చుట ఇందుకే. ఫోనులోని స్పీకరు చిటికెన వ్రేలి గోరంతటిది. కొన్ని వందల కంపనములకు దిగువ నది మూగది. దుబాయిలోని తండ్రికి సిర్ర దెబ్బ వినబడకపోవుటకు కారణ మిదియే గాని, ఆయన చెవి లోపము కాదు, కొడుకు పట్టిన తీరు లోపమును కాదు. కాని చెవిలో నిముడు పరికరము సంగతి వేరు. అది కదలింపవలసినది చెవికిని తనకును నడుమ బంధింపబడిన చిటికెడు గాలిని మాత్రమే. ఆ బంధము గట్టిగా నున్నచో చిన్నపొరయు మంద్రమును పలికించును. సందు ఏర్పడినచో మొదట పారిపోవునది మంద్రమే. నమ్మనివారు ఇంటిలోని చౌక ఇయర్‌ఫోనును చెవిలో వ్రేలితో మెల్లగా అదిమి చూడవచ్చును. అనగా గదిలో మంద్రము ధనవంతుల సొత్తు. చెవిలో మంద్రము మిక్కిలి చౌక. చౌకగా తయారగు దానినే హెచ్చు వెలకు అమ్ముటలో నున్నది వర్తకుల నేర్పు.

ఆ నేర్పునకు పేరు పొందినది బీట్స్ అను అమెరికా కంపెనీ. సంగీతకారుడైన డాక్టర్ డ్రే, పాటల వర్తకుడైన జిమ్మీ అయోవీన్ 2006లో దానిని స్థాపించిరి. మొదటి హెడ్‌ఫోను 2008లో వెలువడెను. అంతకుముందు హెడ్‌ఫోను శబ్దశాస్త్రము తెలిసినవారి పనిముట్టు. అటుతరువాత అది కంఠహారమైనది. 2012 లండను ఒలింపిక్కులలో ఈ కంపెనీ అధికార పోషకుల జాబితాలో లేకున్నను, ఆటగాండ్రకు హెడ్‌ఫోనులను ఉచితముగా పంచిపెట్టగా, వారు వానిని ధరించి కెమెరాల ముందు నడచిరి. 2014లో కోలిన్ కాపర్నిక్ అను ఫుట్‌బాలు క్రీడాకారుడు ఆ గుర్తుగల హెడ్‌ఫోనును మెడలో వేసికొని పత్రికలవారితో మాటలాడినందుకు 10,000 డాలర్ల జరిమానా చెల్లించెను. ఏలయనగా ఆ ఆటల సంఘము వేరొక హెడ్‌ఫోను కంపెనీతో ఒడంబడిక చేసికొనియుండెను. జరిమానాకంటె మంచి ప్రకటన యేమున్నది? ఆ సంవత్సరమే ఆపిల్ కంపెనీ బీట్స్‌ను 300 కోట్ల డాలర్లకు కొనెను.

మన దేశమున నీ పాఠమును శ్రద్ధగా నేర్చినది బోట్ కంపెనీ. 2016లో బజారులోనికి వచ్చినది. వారి తీగ ఇయర్‌ఫోనుల పేరే బాస్‌హెడ్స్. క్రికెట్టు ఆటగాండ్రు వానిని ధరించి చిత్రములకు నిలుచుదురు. కాని న్యాయముగా చెప్పవలెనన్న వీరి తీగ ఇయర్‌ఫోనులు నాలుగైదు వందల రూపాయలకే దొరకును. పేదపిల్లలు కొనగలిగిన వెలకు మంద్రమును తెచ్చిరి. ఆడంబరమున రెండు కంపెనీలు నొక్క బడిలోనివే. కూలివాని సంచిలో చేయిపెట్టు లోతున మాత్రము భేదము కలదు.

వెల లోపలి సంగతి తెలిసికొనగోరినవారు ముందును లేకపోలేదు. 2015లో అమెరికాలో నొక యంత్రశిల్పి బీట్స్ హెడ్‌ఫోనును విప్పిచూచి, దానిలో లోహపు ముక్కలు కొన్ని కేవలము బరువు కొరకే పెట్టియున్నట్లున్నవని, వస్తువునకు తయారీవ్యయము 20 డాలర్ల లోపేయని వ్రాసెను. దాని అమ్మకపు వెల 200 డాలర్ల దరిదాపు. లోకమంతయు నవ్వినది. కొన్ని దినములకు తేలినదేమనగా, ఆయన విప్పినది నకిలీ హెడ్‌ఫోను! ఆయన దానిని దాచక ఒప్పుకొని, అసలైన దానిని కొని మరల విప్పెను. అందులోను లోహపు ముక్కలున్నవి. వ్యయము 20 డాలర్లకు కొంచెము పైగా తేలెను. ముడిసరుకు, కూలి లెక్క వస్తువు వెల సమస్తము కాదు. పరిశోధన, రవాణా, అంగడివాని లాభము దానిమీద చేరును. అది నేనెరుగుదును. నన్ను ఆకర్షించినది ఆ వ్యయము కాదు, ఆ బరువు.

ఏలయన, బరువు సంగతి నిర్మలు వారికి చెప్పవలసినది కాదు. మా బొమ్మలు పొణికి కఱ్ఱతో చేయుదురు. అది మిక్కిలి తేలికైన, మెత్తనైన కఱ్ఱ. రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి అతుకులకు వాడుదురు. పరస్థలముల వారు బొమ్మను చేతబట్టి, "ఇంత తేలికగా నున్నదే, దీనికింత వెలయా?" అని బేరమాడుట నేను చిన్ననాటినుండి చూచుచున్నాను. మా చిత్రములలోని బంగారుఛాయ బంగారము కాదు. మూలికల రసమునుండియు నూనెలనుండియు చిత్రకారులు సాధించిన మెరుపు. దానిని బంగారమని చెప్పి అమ్మిన మోసము. బంగారమువలె నున్నదని చెప్పి అమ్మిన కళ. తేలిక బొమ్మను తేలికగా నున్నదని తిరస్కరించు చేయియు, బరువైన హెడ్‌ఫోనును బరువుగా నున్నదని మెచ్చు చేయియు నొక్కటే.

ఆ చేయి నాకును కలదని త్వరలోనే ఋజువైనది. సహోపాధ్యాయుని కుమారునివద్ద పెద్ద గుర్తుగల హెడ్‌ఫోను ఒకటి ఎరవు తెచ్చితిని. మా అమ్మాయి 450 రూపాయల తీగ ఇయర్‌ఫోను ఉండనే యున్నది. తువాలతో నా కన్నులు కట్టించుకొంటిని. రెండింటి ధ్వనియు సమానముగా నుండవలెనని అమ్మాయికి ముందే చెప్పితిని. ఏలయనగా రెండు ధ్వనులలో కొంచెము బిగ్గరయైనదే మనకు మేలైనదిగా తోచునని మిత్రుడు హెచ్చరించియుండెను. తంబురతో గూడిన గాత్రమును పదిమార్లు, ఆ పిల్లవాడు పంపిన డప్పుల మేళమును పదిమార్లు మార్చి మార్చి వినిపించినది. గాత్రమున ఆరుమార్లు చౌకదియే మేలంటిని. డప్పున ఏడుమార్లు ఖరీదైనది మేలంటిని. గర్వముతో కట్టు విప్పబోగా మా ఇంటావిడ, "కండ్లు కట్టుకుంటె ఏమాయె, నెత్తి మీద బరువు తెలుస్తనే ఉన్నది గద మీకు?" అనెను. నాకు మారుమాట లేదు. ఒకటి తలపై కూర్చుండును, ఒకటి చెవిలో దూరును. ఏది యేదియో ప్రతిమారును నాకు తెలిసియే యున్నది. కట్టినది కన్నులను గాని అభిప్రాయమును కాదు.

ఈ చిక్కును పెద్దవారు మునుపే యెరుగుదురు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను పరిశోధకులు లౌడ్‌స్పీకరులను చూపియు చూపకయు వినిపించి, చూచినప్పుడు శ్రోతల తీర్పు మారిపోవుటను నిరూపించిరి. తరువాత హెడ్‌ఫోనుల విషయమున బరువును, ఆకారమును కూడ తప్పించుటకై, ఒకే హెడ్‌ఫోనులో అనేక హెడ్‌ఫోనుల ధ్వనితీరులను అనుకరింపజేసి పరీక్షించిరి. అట్టి పరీక్షలలో శ్రోతలలో నెక్కువమంది కొంత హెచ్చిన మంద్రమునే కోరిరి, హద్దుమీరినదానిని కోరలేదు. మరి వెల సంగతి? 2017లో యెరూన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల కొలతలను వాని వెలలతో సరిచూచి, ధ్వనితీరునకును వెలకును సంబంధము కానరాలేదని ప్రకటించెను. హెచ్చు వెలకు హెచ్చు ధ్వనిగుణము వచ్చుననుటకు ఆధారము లేదన్నమాట.

మరునాడు మా అమ్మాయి ఇయర్‌ఫోనునకున్న రబ్బరు తొడుగును తీసి, డబ్బాలో నూరక పడియున్న పెద్ద తొడుగును తగిలించి మరల డప్పు విన్నాను. చెవి మూసికొన్నది, సిర్ర దెబ్బ కడుపులో మ్రోగినట్లు వినబడినది. ముందునాడు నేను ఖరీదైనదానికి వేసిన ఏడు మార్కులలో నెన్ని ఆ తొడుగునకు చెందవలసినవో దేవునికే యెరుక.

ఇంతవరకు వర్తకులను విచారించితిని. నన్ను నేను విచారించుకొనుట మిగిలినది. చదువుకొన్న సంసారులలో బేసును ఈసడించుట ఒక నాగరకతాలక్షణముగా నున్నది. వీణ వినువాడు పెద్దమనిషి, దుముదుమ వినువాడు అల్లరివాడు. ఈ తరతమభావము నాకు శాస్త్రమునుండి వచ్చినదనుకొంటిని. శాస్త్రమును తెరచి చూచితిని. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల ఆస్థానమున నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున మంద్రమునకు హృదయమును, మధ్యమునకు కంఠమును, తారమునకు శిరస్సును స్థానములుగా చెప్పెను. హృదయస్థానము నిచ్చిన దానిని శాస్త్రము ఈసడించినదని యెట్లు చెప్పగలను? కచ్చేరిలో మృదంగము ఎడమవైపు తొప్పికి తడిపిన రవపిండి మెత్తి బరువెక్కించుట, ఆ పొర మెల్లగా కంపించి గంభీరముగా పలుకవలెననియే గదా. ఆ గంభీరమునకు మనము తలలూపుదుము. అదే గంభీరము ఊరి చివర చితుకుల మంటకు కాచి బిగించిన తోలునుండి వచ్చినప్పుడు మోత యందుము. చెవి ఒక్కటే, కంపనములు అవియే. భేదము వాయించువాని ఇల్లు ఏ దిక్కున నున్నదను దానిలోనే యున్నది.

పెండ్లికి, చావుకు, జాతరకు డప్పు లేక గడువని ఊరు, డప్పు కొట్టిన చేతిని మాత్రము దూరమున నిలిపినది. నేను తరగతిలో "ఊరవతల" అన్నప్పుడు నా నోట పలికినది సంగీతశాస్త్రము కాదు, ఆ దూరము. వర్తకుల ఆడంబరమును నిందించుట న్యాయమే. దానిలో నీ పాత ఈసడింపును కలిపి, రెండింటిని ఒక్క ఉపన్యాసముగా చేసితిని. పిల్లవాడు మొదటిదానిని విని యుండెడివాడేమో. రెండవది వానిని విననీయలేదు.

వారమునకు వాడు వచ్చినప్పుడు ముందుగా నా మాట సంగతి యెత్తి, తప్పు చేసితినంటిని. వాడు నేలచూపులు చూచి "ఎప్పటిదో సార్ అది" అనెను. క్షమించినాడని నేను వ్రాసికొనుటకు ఆ మాట చాలదు. పిమ్మట హెడ్‌ఫోను సంగతి చెప్పితిని: మీ బాపుకు కావలసినది మంద్రము, అది కొద్ది వెలకే దొరకును, మిగిలిన పండ్రెండు వేలకు పైగా గుర్తునకు పోవును. కొనదలచినచో ఈ నాలుగు చూడుము: చెవిని చక్కగా మూయవలెను, గంటసేపు పెట్టుకొన్నను నొప్పింపరాదు, తీగ తెగిన మార్చుకొనుటకు వీలుండవలెను, మీ బాపు ఫోనునకు గుండ్రని తొఱ్ఱ ఉండవలెను. చివరి దానిని నేను తలచియుండను. మా అమ్మాయి గుర్తుచేసినది. ఈ కాలపు ఫోనులలో అనేకములకు ఆ తొఱ్ఱయే లేదు. ఎనిమిదిమంది గదిలో చెవి మూయుట మరియొక విధమునను మేలు. బయటి సందడి తగ్గినచో ధ్వనిని పెంచవలసిన పని తగ్గును.

వానితో కూడ బజారునకు పోయితిని. మూడంగళ్లు తిరిగితిమి. డప్పుల మేళమును ఫోనులో పెట్టుకొని ఒక్కొక్కదానిని వాడును నేనును వింటిమి; అంగడివాడు మమ్ములను వింతగా చూచెను. వాడు కన్నులు మూసికొని వినుచు వ్రేళ్లతో తొడమీద దరువు వేయుచుండెను. ఆ వ్రేళ్లు తడబడిన చోట, "ఇండ్ల సిటికెన పుల్ల ఇనస్తలేదు" అని తీసివేసెడివాడు. నేను చదివిన పరిశోధన లన్నిటికంటె ఆ వ్రేళ్లే మేలైన కొలబద్ద. తుదకు 1,300 రూపాయలకు చెవుల నిండ మూయు తీగ హెడ్‌ఫోను నొకదానిని కుదుర్చుకొన్నాడు. దానిమీద కంపెనీ పేరు చిన్నదిగా నున్నది, అరిగిపోయిన అచ్చువలె. మిగిలిన సొమ్ము చెల్లెలి కళాశాల రుసుమునకు పోయినదని తరువాత తెలిసినది.

హెడ్‌ఫోను దుబాయి చేరిన పది దినములకు వాడు మరల వచ్చెను. "ఎట్లున్నదన్నడు మీ బాపు?" అని యాత్రముతో అడిగితిని.

"సిర్ర దెబ్బ మంచిగ ఇనస్తున్నదట సార్. ఎవలు కొట్టిండ్రో గూడ చెప్పిండు. మూడో డప్పు మా పెదనాయనదట, చెయి బరువు తెలుస్తున్నదన్నడు."

నాకు సంతోషము కలిగినది. వాడు మాత్రము ఇంకేమో చెప్పవలసియున్నట్లు నిలుచుండెను.

"గని సార్, రూముల అందరు ఏ కంపెనిదని అడుగుతున్నరట. ఒకాయనకు పెద్ద కంపెనిది ఉన్నదట. మా బాపు ఏం చెప్పలేదట, బెడ్డు కింద పెట్టుకొని అందరు పన్నంక ఇంటున్నడట."

నా లెక్కలో బీడీలు కలవు, కంపనములు కలవు, డాలర్లు కలవు. ఎనిమిదిమంది గదిలో ఒక్కని ముఖము చిన్నబోవుటకు అంకె వేయలేదు. ఆ గుర్తు అబద్ధమని నాకు తెలియును, వానికిని తెలియును. తెలిసినంతమాత్రమున ఆ రాత్రులలో దాని పని ఆగలేదు. ఏమి చెప్పవలెనో తోచక, "మరి నీవేమంటివి?" అని అడిగితిని.

"వచ్చే పండుగకు నేను గూడ మేళంల కొడుతున్న సార్, అది పంపుత అన్న" అని వాడు ఫోను తీసి, తాను నేర్చుకొనుచున్న దరువును నాకు వినిపింపబోయెను. ఫోను స్పీకరులో రేకు డబ్బా మ్రోగినది. ఆగుమని, లోపలికి పోయి మా అమ్మాయి ఇయర్‌ఫోను తెచ్చితిని.